దిక్సూచికి దిక్కెవరు?

* భూగర్భ తవ్వకాలకు భూ అయస్కాంత క్షేత్రమే మార్గదర్శి
* ఒక డిగ్రీ తేడా వస్తే 50 మీటర్లు పక్కకు
* నగర విస్తరణతో పరిశీలనాలయాలకు కరవవుతున్న ప్రశాంతత

బహదూర్‌పురా: కిషన్‌బాగ్ దారిలోనో, జూపార్కు రోడ్డులోనో కేబుల్ పనులు సాగేటప్పుడు ఒక దృశ్యం కనిపిస్తుంటుంది. రోడ్డు వారన చిన్న గుంత తీస్తారు. ఏటవాలుగా అమర్చిన యంత్రం ఇనుప గొట్టాలను ఒకదాని వెంట ఒకటి నేలలోకి నెడుతుంది. పైన వాహనాల రాకపోకలు ఆగవు. దుకాణాలు మూతపడవు. కొంతసేపటికి చాలా దూరాన మరో గుంతలో గొట్టం మొన పైకి తేలుతుంది. మట్టిలో, రాళ్ల నడుమ, మంచినీటి పైపులనూ మురుగు కాలువలనూ తప్పించుకుంటూ సాగిన ఆ మొనకు దారి చూపిందెవరు?

ఇలాంటి చిన్న పనుల్లో జవాబు సులువే. మొన వెనుక ఉండే చిన్న ప్రసారిణి సంకేతాలు పంపుతుంటే, రోడ్డు మీద ఒక మనిషి చేతిలో పరికరంతో దాని వెంట నడుస్తాడు. కానీ నది అడుగునుంచి గొట్టం వేయాల్సి వచ్చినప్పుడు పైన నడిచే వీలుండదు. చమురు, సహజవాయువు బావులైతే కిలోమీటర్ల లోతున సాగుతాయి. అక్కడ మొనకు దారి చూపేది భూమికి సహజంగా ఉన్న అయస్కాంత క్షేత్రమే. ఆ మార్గదర్శికి నిలకడ లేదు. ఏటేటా మారుతుంది. పగటికీ రాత్రికీ మారుతుంది. ఊరికీ ఊరికీ మారుతుంది. ఈ మార్పులను దశాబ్దాలుగా నమోదు చేస్తున్న కేంద్రం బహదూర్‌పురాకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) ఆవరణలో ఉంది. ఆ కేంద్రానికి ప్రాణాధారమైన ప్రశాంతతను మాత్రం నగరమే హరిస్తోంది. ఈ నష్టం శాస్త్రవేత్తలకే పరిమితం కాదు. కోనసీమలో తవ్వే ప్రతి వాయు బావికీ దీనితో సంబంధం ఉంది.

బోరు వేరు.. బావి వేరు

పాతబస్తీ వాసులకు తెలిసిన తవ్వకం బోరుబావి. నల్లరాతిలో నిలువుగా దిగే బోరు కాస్త వంకర పోయినా కేసింగ్ ఇరుక్కోవడమో, మోటారు దిగకపోవడమో తప్ప పెద్ద ప్రమాదం ఉండదు. వాయు బావి తీరు వేరు. దానిని కావాలనే వంచుతారు. కోనసీమలో ప్రతి ఎకరమూ కొబ్బరితోటో వరిచేనో. ప్రతి బావికీ విడిగా స్థలం సేకరించడం ఖర్చుతోనూ, రైతుల కష్టంతోనూ కూడిన పని. అందుకే ఒకే స్థలంలో రిగ్గు నిలిపి తలా ఒక దిక్కుకు బావులు సాగదీసే పద్ధతి వచ్చింది. తీరానికి ఆవల సముద్రంలోని వేదికల మీద నుంచీ ఇదే రీతిలో తవ్వుతారు. దీనినే డైరెక్షనల్ డ్రిల్లింగ్ అంటారు.

బిట్టుకు కొంత వెనుక, అయస్కాంత గుణం లేని ప్రత్యేక లోహపు గొట్టంలో కొలత పరికరాలు ఉంటాయి. వాటిలో మూడు గురుత్వాకర్షణను కొలిచి బావి ఎంత వాలిందో చెబుతాయి. మరో మూడు అయస్కాంత క్షేత్రాన్ని కొలిచి బావి ఏ దిక్కుకు తిరిగిందో చెబుతాయి. సుమారు 30 మీటర్లకు ఒకసారి తవ్వకం ఆపి ఈ కొలత తీసుకుంటారు. బావిలో తిరిగే బురద నీటిలో ఒత్తిడి తరంగాల రూపంలో ఆ అంకెలు పైకి చేరతాయి. అలా పోగైన అంకెలను వరుసగా కలిపితే బావి నడిచిన దారి కాగితం మీదకు వస్తుంది. ఎవరి కంటికీ కనిపించని దారికి ఆ కాగితమే సాక్ష్యం.

గురుత్వాకర్షణ నమ్మదగిన కొలత. అది గడియకో రకంగా మారదు. చిక్కంతా రెండో కొలతతోనే.

మూడు ఉత్తరాలు

దిక్సూచి ముల్లు చూపేది అసలు ఉత్తరం కాదు. అది అయస్కాంత ఉత్తరం. భూమి తిరిగే అక్షాన్ని అనుసరించేది భౌగోళిక ఉత్తరం. పటం మీది నిలువు గీతలు చూపేది మూడో ఉత్తరం. బావి దారి లెక్కించేవారు మొదటి దాని నుంచి రెండో దానికి, అక్కడి నుంచి మూడో దానికి సవరణ చేసుకోవాలి. అయస్కాంత ఉత్తరానికీ, అసలు ఉత్తరానికీ మధ్య కోణాన్ని మన పాఠ్యపుస్తకాలు దిక్పాతం అంటాయి. హైదరాబాద్ ప్రాంతంలో అది ఒక డిగ్రీకి మించదు. అంత స్వల్పమైన కోణానికి ఇంత చర్చ ఎందుకన్న సందేహం సహజం. అడ్డంగా 3 వేల మీటర్లు సాగిన బావి దిక్కులో ఒక్క డిగ్రీ పొరపాటు దొర్లితే చివరి కొస 52 మీటర్లు పక్కకు జరుగుతుంది. అర డిగ్రీ అయితే 26 మీటర్లు. వాయువున్న ఇసుకరాతి పొర అంతటి వెడల్పే ఉన్నప్పుడు కోట్ల రూపాయల బావి గురి తప్పినట్లే.

దిక్పాతం స్థిరంగా ఉంటే ఒకసారి కొలిచి సరిపెట్టుకోవచ్చు. అది స్థిరంగా ఉండదు. భూమి నడిబొడ్డున ద్రవ రూపంలో కదిలే ఇనుము నుంచి ఈ క్షేత్రం పుడుతుంది. ఆ కదలికలతో పాటే క్షేత్రమూ జరుగుతుంటుంది. అందువల్లే అంతర్జాతీయ సంస్థలు ప్రతి ఐదేళ్లకూ భూ అయస్కాంత క్షేత్రపు నమూనాను సవరిస్తాయి. ఉత్తర అయస్కాంత ధ్రువం కెనడా వైపు నుంచి సైబీరియా దిశగా ఏటా 50 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తడం వల్ల, గడువు తీరకుండానే 2019 ఫిబ్రవరిలో ప్రపంచ అయస్కాంత నమూనాను సవరించాల్సి వచ్చింది. ఆ తరువాత యథాప్రకారం 2025 నమూనా వచ్చింది. మన సెల్‌ఫోన్లలోని దిక్సూచి సైతం ఈ నమూనాతోనే సవరణ చేసుకుంటుంది. పాత పటం మీద ముద్రించిన దిక్పాతాన్ని నమ్మి నేటి బావి తవ్వితే ఆ తేడా మొత్తం బావి కొసన తేలుతుంది.

కాలంతో మారే లెక్క

ఏటేటా వచ్చే మార్పు ఒకటైతే, ఒకే రోజులో వచ్చే మార్పు మరొకటి. పగటి వేళ సూర్యరశ్మి వల్ల వంద కిలోమీటర్లకు పైన ఉన్న వాతావరణ పొరల్లో విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి ప్రభావం నేల మీది ముల్లునూ కదిలిస్తుంది. ఈ విషయంలో ప్రకృతి మన ప్రాంతానికి ఒక వెసులుబాటు ఇచ్చింది. దిక్కు చూపేది క్షేత్రంలోని క్షితిజ సమాంతర భాగం. తెలుగు నేల భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నందున ఇక్కడ ఆ భాగం సుమారు 40 వేల నానోటెస్లాల బలంతో ఉంది. ఐరోపాలో చమురు తవ్వే ఉత్తర సముద్రపు పైభాగాన అది సుమారు 15 వేలే. తూర్పు వైపు 40 నానోటెస్లాల అదనపు లాగుడు ఏర్పడిందనుకుందాం. ఇక్కడ ముల్లు డిగ్రీలో పదిహేడో వంతు మాత్రమే కదులుతుంది. 3 వేల మీటర్ల బావికి అది 3 మీటర్ల తేడా. ఉత్తర సముద్రంలో అదే లాగుడుకు 8 మీటర్ల తేడా వస్తుంది. కనుకనే అక్కడి సంస్థలు దగ్గరి పరిశీలనాలయాల నుంచి ఎప్పటికప్పుడు కొలతలు తెప్పించుకుని బావి లెక్కలు సరిచేస్తాయి.

అలాగని మనకు బాధ లేదనుకోరాదు. సూర్యుని నుంచి వచ్చే అయస్కాంత తుపానులు మన వంటి ప్రాంతాల్లో ముల్లును పక్కకు తిప్పడం కంటే క్షేత్ర బలాన్ని తగ్గించడమే ఎక్కువ. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన తుపాను రెండు దశాబ్దాలలో అత్యంత తీవ్రమైనది. లడఖ్‌లోని హాన్లే వద్ద ఆకాశం ఎర్రబారిన దృశ్యాలు నాటి పత్రికల్లో వచ్చాయి. ఆ సమయంలో భూమధ్యరేఖ వైపు ప్రాంతాల్లో క్షేత్ర బలం పతనాన్ని సూచించే అంతర్జాతీయ సూచిక 400 నానోటెస్లాలకు మించి దిగజారింది. బావిలోని పరికరం సక్రమంగా ఉందో లేదో తేల్చడానికి ఇంజనీర్లు దాని కొలతను నమూనా చెప్పిన బలంతో పోల్చి చూస్తారు. తేడా సుమారు 300 నానోటెస్లాలు దాటితే ఆ కొలతను అనుమానిస్తారు. అంటే తుపాను వేళ పరికరం నిజమే చెప్పినా అబద్ధమన్న ముద్ర పడుతుంది. వేల మీటర్ల గొట్టాలను పైకి లాగి పరికరం మార్చడమంటే రిగ్గు గంటల తరబడి ఖాళీగా నిలిచినట్లే. బయట తుపాను ఉందని చెప్పగలిగే పరిశీలనాలయం ఉంటేనే ఆ వృథా తప్పుతుంది.

రాయితో మారే లెక్క

మన ప్రాంతానికి అసలు పరీక్ష ఆకాశం నుంచి కాదు, నేల నుంచే వస్తుంది. రాజమహేంద్రవరం వద్ద గోదావరికి తూర్పున కాతేరు, పడమట పంగిడి, దుద్దుకూరు ప్రాంతాల్లో నల్లని లావా రాళ్లు బయటికి కనిపిస్తాయి. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటివి. దక్కన్ లావా ప్రవాహాల కాలానికి చెందినవి. ఇవే రాళ్లు సముద్రం వైపు వాలుతూ రాజోలు, నరసాపురం ప్రాంతాల్లో లోతైన పొరలుగా ఉన్నట్లు బావుల తవ్వకాల్లో తేలింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరకు రాజోలు పేరే పెట్టారు. లావా చల్లారేటప్పుడు నాటి అయస్కాంత దిశను తనలో ముద్రించుకుంటుంది. విశేషమేమిటంటే వీటిలో కింది ప్రవాహం నేటి క్షేత్రానికి వ్యతిరేక దిశలోనూ, పై ప్రవాహం నేటి దిశలోనూ ముద్ర పడినవి. భూమి ధ్రువాలు తారుమారైన కాలానికి ఆ రాళ్లు సాక్షులు.

ఇటువంటి పొర ఉన్నచోట స్థానికంగా దిక్పాతం మారే అవకాశం ఉంది. ప్రపంచ నమూనాలకు ఇది అందదు. అవి వేల కిలోమీటర్ల స్థాయిలో క్షేత్రాన్ని చిత్రిస్తాయే గానీ ఒక మండలం కింద ఏ రాయి ఉందో చెప్పలేవు. దానికి విమానం నుంచో, ఓడ నుంచో, నేల మీద నడిచో అయస్కాంత సర్వే చేయాలి. ఆ సర్వే నుంచి స్థానిక దిక్పాతాన్ని లెక్కగట్టి బావి సవరణలో చేర్చాలి. ఇది డ్రిల్లింగ్ రంగంలో దశాబ్దాలుగా ఉన్న పద్ధతే.

మూడో చిక్కు ఉక్కు. తవ్వే గొట్టాలే ఉక్కువి. అవి స్వయంగా అయస్కాంతీకరణ చెంది పరికరాన్ని ఏమారుస్తాయి. బావి అడ్డంగా తూర్పుపడమరలుగా సాగినప్పుడు ఈ మోసం అధికం. అందుకే పరికరం చుట్టూ అయస్కాంత గుణం లేని లోహం వాడతారు. మిగిలిన ప్రభావాన్ని లెక్కలతో తీసివేస్తారు. ఆ లెక్కకు మళ్లీ స్థానిక క్షేత్రపు సరైన విలువే ఆధారం. ఆధారమే తప్పయితే సవరణ పేరుతో కొత్త తప్పు చేరుతుంది. ఉక్కు ప్రభావం ఎలా ఉంటుందో తెలియాలంటే సెల్‌ఫోన్‌లోని దిక్సూచిని ఖాళీ మైదానంలో ఒకసారి, 2022లో ప్రారంభమైన బహదూర్‌పురా ఫ్లైఓవర్ స్తంభాల పక్కన మరోసారి చూస్తే చాలు.

గురి తప్పితే..

కోనసీమ వాసులు 1995 జనవరి 8ని మరువలేరు. పాసర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావి అదుపు తప్పి ఎగసిన మంట 65 రోజుల పాటు మండింది. మార్చి 15న గానీ ఆరలేదు. బావి విస్ఫోటానికి అనేక కారణాలుంటాయి. పైనుంచి మూత బిగించే ప్రయత్నాలు ఫలించనప్పుడు మిగిలే ఆఖరి ఉపాయం మాత్రం ఒకటే. దూరంగా మరో బావి తవ్వి, భూగర్భంలోనే మొదటి బావిని తాకి, బరువైన బురదతో, సిమెంటుతో దాని నోరు నొక్కడం. 2010లో మెక్సికో సింధుశాఖలో పేలిన మకాండో బావికి చివరకు అలాగే సమాధి కట్టారు. సముద్ర మట్టానికి సుమారు 5,500 మీటర్ల లోతున, కొన్ని అంగుళాల వెడల్పున్న గొట్టాన్ని వెతికి తాకాల్సి వచ్చింది. దగ్గరికి చేరాక ఆ ఉక్కు గొట్టపు అయస్కాంత జాడే దారి చూపింది. అంత దగ్గరికి చేరాలంటే ముందుగా పాత బావి ఎక్కడుందో తెలిపే సర్వే నమ్మదగినదై ఉండాలి. ప్రమాదం జరిగాక పాత సర్వేను సరిదిద్దే అవకాశం ఉండదు.

దూరాల విలువ డబ్బు రూపంలోనూ తెలిసొచ్చింది. కృష్ణా-గోదావరి లోతు సముద్రంలో పక్కపక్కనే ఉన్న బ్లాకుల విషయంలో ఓఎన్‌జీసీ 2014లో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. రిలయన్స్ తన బావులను హద్దుకు సమీపంలో తవ్వినందున తమ వాయువు అటు తరలిందన్నది ఆరోపణ. 2018లో మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ రిలయన్స్ బృందానికి అనుకూలంగా తీర్పునిచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ దానిని కొట్టివేసింది. ఆ వివాదం సర్వే పొరపాటుకు సంబంధించినది కాదు. రెండు బ్లాకుల కింద వాయు పొర ఒకటేనా అన్నదే అందులోని ప్రశ్న. అయినా భూగర్భంలో హద్దుకు ఎంత దూరమన్న ప్రశ్న వందల కోట్ల డాలర్ల ప్రశ్న కాగలదని అది రుజువు చేసింది.

ట్రాములు తరిమిన పరిశీలనాలయం

క్షేత్రం మార్పులను కొలిచే పరిశీలనాలయానికి కావలసింది గొప్ప భవనం కాదు. ఇనుము లేని గది, కదలిక లేని పునాది, చుట్టూ విద్యుత్ సందడి లేని నేల. నేటికీ ప్రామాణిక కొలతను శిక్షణ పొందిన మనిషే థియోడొలైట్‌తో తీయాలి. తాళంచెవులు, బెల్టు, గడియారం బయట వదిలి లోపలికి వెళ్లాలి.

నగరంతో ఈ పనికి పొసగదన్న పాఠం మన దేశానికి శతాబ్దం కిందటే అందింది. బొంబాయిలోని కొలాబాలో 1841 నుంచి అయస్కాంత కొలతలు సాగాయి. చరిత్రలోనే ప్రఖ్యాతమైన 1859 సెప్టెంబరు తుపానును నమోదు చేసిన అరుదైన కేంద్రాల్లో అది ఒకటి. నగరానికి విద్యుత్ ట్రాములు రానున్నాయని తెలియగానే కొలతలు పాడవుతాయన్న జాగ్రత్తతో 1904లో పరిశీలనాలయాన్ని సముద్రానికి ఆవల అలీబాగ్‌కు తరలించారు. ట్రాములు పట్టాలెక్కకముందే తరలించడం గమనార్హం. ఆ ముందుచూపు వల్లే అక్కడి లెక్క నేటికీ తెగకుండా సాగుతోంది.

ఉప్పల్ నుంచి చౌటుప్పల్‌కు

1961లో ఏర్పడిన ఎన్‌జీఆర్ఐ, ఉప్పల్ రోడ్డు ఆవరణలో 1964లో అయస్కాంత పరిశీలనాలయాన్ని ప్రారంభించింది. అప్పటికి అది ఊరి వెలుపలి ప్రాంతం. ప్రపంచవ్యాప్త పరిశీలనాలయాల కూటమి ఇంటర్‌మాగ్నెట్‌లో హైదరాబాద్‌కు చోటుంది. ఉపగ్రహాల కొలతలతో పాటు ఇలాంటి కేంద్రాల కొలతలే ప్రపంచ నమూనాలకు ముడిసరకు. అంటే ఏ దేశపు సంస్థ కోనసీమలో బావి తవ్వినా, అది వాడే నమూనాలో మన ఉప్పల్ అంకెల పాలు ఎంతో కొంత ఉంటుంది.

ఇప్పుడు ఆ ఆవరణ నగరం నడుమ ఉంది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. నాగోల్ మార్గంలో ఒక స్టేషన్‌కు ఎన్‌జీఆర్ఐ పేరే పెట్టారు. సంస్థ పేరు మోసే రైలే సంస్థ కొలతలకు ఇబ్బందిగా పరిణమించడం విచిత్రం. నగర సందడికి దూరంగా విజయవాడ జాతీయ రహదారి వైపు చౌటుప్పల్‌లోని సంస్థ క్షేత్రంలో మరో పరిశీలనాలయాన్ని నెలకొల్పారు. ఇది సబబైన ముందడుగు. కానీ నగరం అక్కడికీ బయలుదేరింది. అదే మండలంలోని దండుమల్కాపురంలో 2019లో పారిశ్రామిక పార్కు ప్రారంభమైంది. సంగారెడ్డి నుంచి ప్రతిపాదించిన ప్రాంతీయ వలయ రహదారి ఉత్తర భాగం చేరేది చౌటుప్పల్‌కే. పరిశ్రమలు, రహదారులు అక్కరలేదని ఎవరూ అనరు. ఉపాధి కావాలి. కానీ ఒక పరిశీలనాలయం విలువ దాని యంత్రాల్లో లేదు. ఒకేచోట దశాబ్దాల పాటు తెగకుండా సాగిన లెక్కలో ఉంది. యంత్రాన్ని కొనవచ్చు. తెగిన లెక్కను కొనలేం.

చేయాల్సిందేమిటి?

మొదటిది, చౌటుప్పల్ క్షేత్రం చుట్టూ భారీ విద్యుత్ లైన్లు, ఉక్కు నిర్మాణాలు, రైలు మార్గాలు రాకుండా రక్షణ పరిధిని ఇప్పుడే గుర్తించి భూ వినియోగ ప్రణాళికలో చేర్చాలి. విమానాశ్రయాల చుట్టూ భవనాల ఎత్తుకు పరిమితి విధిస్తున్నప్పుడు పరిశీలనాలయానికి ఆపాటి రక్షణ కల్పించడం అసాధ్యం కాదు.

రెండోది, పరిశీలనాలయం కాలంతో వచ్చే మార్పును చెప్పగలదే గానీ 300 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న రాజోలు రాయి సంగతి చెప్పలేదు. కృష్ణా-గోదావరి తీరంలో స్థానిక అయస్కాంత సర్వేలను బావుల సవరణకు పనికొచ్చే రీతిలో సిద్ధం చేయాలి. విశాఖపట్నంలోని పరిశీలనాలయం సేవలను దానికి జోడించాలి.

మూడోది, బావి దారిని తుది రూపంలో మాత్రమే దాచితే చాలదు. పరికరం ఇచ్చిన అసలు అంకెలు, వాడిన నమూనా పేరు, సంవత్సరం, చేసిన సవరణలు అన్నీ 2017లో మొదలైన జాతీయ హైడ్రోకార్బన్ సమాచార భాండాగారంలో నిక్షిప్తం కావాలి. సవరించిన అంకె మాత్రమే మిగిలితే, ముప్పై ఏళ్ల తరువాత పక్కనే కొత్త బావి తవ్వేవారికి పాత బావి ఎక్కడుందో సరిగా తెలిసే దారి ఉండదు.

చివరిగా మన వీధికి వద్దాం. మూసీ ఒడ్డున ఉన్న బహదూర్‌పురా వంటి బస్తీల కింద తరాల నాటి పైపుల పక్కనే కొత్త కేబుళ్లు, వాయు గొట్టాలు చేరుతున్నాయి. నది దాటే గొట్టాలకు భూ అయస్కాంత క్షేత్రమే దారి చూపాల్సి వస్తే, వంతెనల ఉక్కు, విద్యుత్ తీగల మధ్య దాని మాట నమ్మలేం. అందుకే అలాంటి చోట్ల నేల మీద తీగను చుట్టలా పరచి, విద్యుత్ పంపి, కృత్రిమ క్షేత్రాన్ని సృష్టించి మొన జాడ తీసే పద్ధతి ఉంది. ఖర్చు తగ్గుతుందని గుత్తేదారులు దానిని వదిలేయకుండా నిబంధన ఉండాలి. ఏ గొట్టం ఎంత లోతున, ఏ పద్ధతిలో కొలిచి వేశారో నమోదు చేసి వార్డు కార్యాలయంలో ఉంచాలి. తరువాత గునపం పట్టే కూలీకి ఆ కాగితమే రక్ష.

భూమి తన దిక్కును తానే నెమ్మదిగా మార్చుకుంటుంది. దానిని ఆపడం మనిషి వశంలో లేదు. ఎంత మారిందో వినిపించుకునే చోటును కాపాడుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. బొంబాయి ట్రాము రాకముందే మేల్కొంది. హైదరాబాద్ నగరం విస్తరించాక మేల్కొంది. చౌటుప్పల్ విషయంలోనైనా పాలకులు ముందుగా మేల్కొనవలసి ఉంది.